కొట్టంలోకి వచ్చిన బారాత్

పెళ్లి బారాతుల్లో పెళ్లికొడుకుని మోయడం మా గుర్రం పని. దాన్ని సాకడం మా బాపు పని. రామన్నపేట దగ్గర మా ఇంటి వెనక కొట్టంలో అది హాయిగా ఉండేది. తెలంగాణ వచ్చాక మా పక్క చెలకలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఆ ఇళ్లలోకి మహా సున్నితమైన ముక్కులు దిగాయి.

కాలనీ పెద్దమనిషి ఫిర్యాదు చేస్తే ఆఫీసరు వచ్చాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే, "ఇది రెసిడెన్షియల్ జోన్. ఈడ గుర్రం ఉండొద్దు. వ్యవసాయ భూమిల కట్టేసుకో" అన్నాడు.

"గా భూములే గద సార్ గీ ప్లాట్లయినయి" అన్నాడు బాపు. "మరి పక్కింట్ల బర్లున్నయి గద?"

"బర్లు పాలిస్తయి."

నిజమే. కాలనీ మొత్తం ఆ పాలతోనే చాయ్ తాగుతుంది. పాలిచ్చేదాని పేడ కంపు కొట్టదని ఏ మహానుభావుడు రూలు రాశాడో గానీ, ఆ చేతికి దండం పెట్టాలి.

బాపు గుర్రాన్ని దూరాన మా మేనత్త ఊళ్లో కట్టేసి, రోజూ బస్సెక్కి వెళ్లి మేత వేసి వచ్చేవాడు. "గిట్ల ఎన్నొద్దులు తిరుగుత బిడ్డా? అమ్ముకుంటే నేనేం జేసి బతకాలె?" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

కొన్నాళ్లకు ఆ పెద్దమనిషే మా గుమ్మంలోకి వచ్చాడు. కొడుకు పెళ్లట, గుర్రం మీద బారాత్ తీయకపోతే పరువు పోతుందట. ఆ పరువు ఫిర్యాదు చేసిన రోజున ఎక్కడికి పోయిందో నేను అడగబోతే, బాపు కళ్లతోనే ఆపాడు. గుర్రం ఒక్క పూటైనా మన వీధిలో నడుస్తుందని ఆయన ఆశ.

బారాత్ మా ఇంటి దగ్గరికి రాగానే గుర్రం పక్కకు తిరిగింది. దానికి జోన్లు తెలియవు కదా. కళ్లెం పట్టుకున్న బాపు ఆపలేదు. పెళ్లికొడుకుతో సహా అది నేరుగా కొట్టంలోకి నడిచి, నీళ్ల తొట్టిలో మూతి పెట్టింది. పైరేకు తగిలి పెళ్లికొడుకు తలపాగా వంకరైంది.

"ఏందిది? బయటికి తియ్యి" అని పెద్దమనిషి అరిచాడు.

"జర ఆగుండ్రి సార్. ఇంటికొచ్చింది, నీళ్లన్న తాగనియ్యుండ్రి" అన్నాడు బాపు, దాని మెడ నిమురుతూ.

అది తీరిగ్గా తాగింది. నేను కడుపుబ్బా నవ్వాను.

మర్నాడే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. రెసిడెన్షియల్ జోన్‌లో గుర్రం కనిపించిందని ఫిర్యాదట. ఎవరిచ్చారని బాపు అడగలేదు. గుర్రాన్ని అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి పాలమూరు నుంచి ఒకాయన వచ్చాడు. బాపు ఆయనతో బేరమాడలేదు. పలుపు చేతికిస్తూ ఒక్కటే అడిగాడు.

"మీ ఇంటి పక్కపొంటి భూములు ఎవలన్న అమ్ముతున్నరా?"