బౌషర్ బురుజు ఇంటి దక్షిణపు గోడ

డెబ్భైల మధ్యలో నేను సీబ్‌లో ఒక కంపెనీలో మేస్త్రీగా పనిచేసేవాణ్ణి. మాది జగిత్యాల వైపు పల్లె. ఒమన్ వచ్చి ఏడాది దాటినా సిమెంటు ఇటుకల విల్లాలు కట్టడమే తప్ప, అక్కడి పాత ఇల్లు ఒక్కటి కూడా లోపలికి వెళ్ళి చూడలేదు. ఒక గురువారం సాయంత్రం మా రూమ్‌లోనే ఉండే కడప డ్రైవర్ యూసుఫ్ కబురు తెచ్చాడు. "అన్నా, రేపు డ్యూటీ లేదు కదా? బౌషర్‌లో నాకు తెలిసిన ఖల్ఫాన్ అనే పెద్దాయన మేస్త్రీ కోసం ఎతుకుతాండాడు. బురుజు ఇల్లంట. ఆయన ఇంటామెకు కాలిరిగి మెట్లెక్కలేక, కింద చీకటి గదిలో ఉందంట. గోడకు కిటికీ పెట్టల్లంట. ఇద్దరు మేస్త్రీలు సూసి, ఇల్లు కూలిపోతాదని చెప్పి పోయినారు."

"బురుజు గోడ పగలగొట్టుడంటే మాటలా? ముందుగాల చూడనీ," అన్నాను గానీ, చూడాలన్న ఆత్రంతో ఆ రాత్రి సరిగా నిద్రే పట్టలేదు.

పొద్దున ఆరింటికి పికప్‌లో బయలుదేరాం. పెట్రోలుకు నా వంతు అర రియాల్. మస్కట్ వైపు తారురోడ్డు మీద కొంతదూరం వెళ్ళి, కుడికి తిరిగి కొండల వైపు మట్టిబాట పట్టాం. ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయింది. ఏడు దాటేసరికి ఖర్జూర తోటల మీదుగా నాలుగంతస్తుల బురుజు కనిపించింది. మా వైపు దొరల గడీలు చూసి పెరిగినవాణ్ణే అయినా నోరు తెరుచుకుని ఉండిపోయాను.

ఖల్ఫాన్ వాకిట్లోనే ఎదురొచ్చి ఖర్జూరాలు, కాఫీ ఇచ్చాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి పడవల మీద పనిచేశాడట, హిందీ బాగానే వచ్చు. ఇల్లంతా తిప్పి చూపించాడు. అడుగున పెద్ద పెద్ద బండరాళ్ళు. మొదట్లో నేలమట్టాన వాకిలే లేదట. రెండు నిలువుల ఎత్తున ఉన్న ద్వారానికి తాళ్ళ నిచ్చెన వేసుకుని ఎక్కేవారట. తర్వాతి తరాలవాళ్ళు కింద వాకిలి తొలిచి, శత్రువు వస్తే మరిగే ఖర్జూర పాకం పొయ్యడానికి దాని పైన ఒక సందు ఉంచారు. తుపాకులు వచ్చాక పైగోడలకు సన్నటి రంధ్రాలు పెట్టారు. ఆయన తాత మట్టి ఇటుకలతో పక్కనే వంటగది కలిపాడు.

"మొత్తం ఎన్నేళ్ళ ఇల్లు?" అని అడిగాను.

"ఆరు వందలని మా తాత అనేవాడు. ఆయన తాత కూడా ఆరు వందలనే అన్నాడట," అంటూ నవ్వాడు. అంతలోనే ఆయన గొంతు తగ్గింది. "మిస్త్రీ, నాలుగు నెలలుగా మా ఆవిడ పట్టపగలు దీపం పెట్టుకుని కూర్చుంటోంది. నీవల్ల కాకపోతే కాదని ఇప్పుడే చెప్పెయ్."

చూసి చెప్తానన్నాను. బయటికి వచ్చి బురుజు చుట్టూ తిరిగాను. ఎనిమిది గంటల ఎండ దక్షిణపు గోడ మీద ఏటవాలుగా పడుతోంది. ఆ గది ఉన్నచోట, పూతలో సన్నటి నీడ ఒకటి నిలువుగా, గీత గీసినట్టు కనిపించింది. రెండడుగుల అవతల ఇంకొకటి. ఉలితో పూత గీకాను. రెండు గీతల మధ్య అన్నీ చిన్న రాళ్ళే. ఒక్కటి కూడా పక్క గోడలోకి కలిసి లేదు. ఇంకాస్త పైన గీకితే నల్లటి దూలాలు మూడు బయటపడ్డాయి. ఉలి మొనతో పొడిచి చూశాను. చెక్కుచెదరలేదు.

"యూసుఫ్, ఉరికిరా! కిటికీ మనం పెట్టుడేంది, ఇదివరకే ఉన్నది! ఎవలో మూసిండ్రు!"

ఖల్ఫాన్ వచ్చి ఆ దూలాలను తడిమి చూశాడు. అక్కడ కిటికీ ఉండేదని ఆయన తాత కూడా ఎన్నడూ చెప్పలేదట. ఏ గొడవల కాలంలోనో భయపడి మూసి ఉంటారు. బరువంతా దూలాలే మోస్తున్నాయి కాబట్టి గోడకు ప్రమాదం లేదు. ఆవిడను వంటగదిలోకి చేర్చి, పైనుంచి ఒక్కొక్క రాయీ తీయడం మొదలుపెట్టాం. చెయ్యి చాచినంత మందం గోడ అది. పదకొండు కాకముందే చివరి రాయి లోపలికి దొర్లింది. ఆ వెనకే వెలుగు గదిలోకి నిండుగా పరుచుకుంది. యూసుఫ్ కేక పెట్టాడు.

చెత్త ఊడ్చాక ఖల్ఫాన్ భార్యను తెచ్చి కిటికీ ముందు కూర్చోబెట్టాడు. మేము బయటే నిలబడ్డాం. ఉన్నట్టుండి ఆవిడ అరబ్బీలో గట్టిగా అరవడం మొదలుపెట్టింది. ఏమైందోనని వాకిలి వైపు పరిగెత్తాను. ఖల్ఫాన్ కళ్ళు తుడుచుకుంటూ, పగలబడి నవ్వుతూ బయటికి వచ్చాడు. "నా పశువుల గడ్డిమడిలో ఎవరివయ్యా ఆ మేకలు అంటోంది! నాలుగు నెలలుగా నువ్వు చూసుకున్నది ఇదేనా అని నన్ను తిడుతోంది!"

చట్రం బిగించడానికి మరో శుక్రవారం వెళ్ళాను. ఆ కిటికీ మూసిన మనిషి ఎవరో తెలియదు. ఎంత భయంలో ఉన్నా దూలాలను మాత్రం కదపలేదు. ఆ తర్వాత సైట్‌లో గోడ కట్టిన ప్రతిసారీ ఆయన గుర్తొచ్చేవాడు. పూత కింద ఎవరు చూస్తారులే అనుకుని పని పైపైన కానిచ్చెయ్యడం మానేశాను. మీరూ అటువైపు పాత బురుజులు చూడబోతే, పొద్దున ఎనిమిదికల్లా చేరుకుని, లోపలికి వెళ్ళేముందు బయట ఒక చుట్టు తిరగండి. ఏటవాలు ఎండలోనే గోడల అతుకులు బయటపడతాయి. మధ్యాహ్నమైతే కళ్ళు చెదిరే తెలుపు తప్ప ఇంకేమీ కనిపించదు.