అత్తమ్మ కూడా చూసిన రెండు గుట్టలు

దయ్యాలను నమ్మేవాళ్లతో పోట్లాడటం నాకు సరదా. నాలుగు రోడ్ల కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయను కావాలనే తొక్కి వెళ్లే రకాన్ని. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను.

తెలంగాణ ఉద్యమం రోజులు. బందులతో యూనివర్సిటీ మూతపడి, ఎల్‌బీనగర్‌లో మా కిరాయి ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. పరమాణు కేంద్రకాల బరువు తేల్చడం నా పని. బంగారం లాంటి మూలకాలు నక్షత్రాల్లో ఎలా పుట్టాయో లెక్కగట్టాలంటే, క్షణంలో విరిగిపోయే కొన్ని కేంద్రకాల బరువు కచ్చితంగా తెలియాలి. అలాంటి ఒకదాన్ని విదేశీ ప్రయోగశాలలో కొలిచాం. కొలతలన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. గ్రాఫ్‌లో ఒకే గుట్ట; దాని శిఖరం ఎక్కడుంటే అదే బరువు. నా పేరు ముందుండే తొలి పేపర్. ఆ సాయంత్రమే పంపాలి.

మధ్యాహ్నం చూస్తే గుట్ట రెండుగా చీలి ఉంది. కళ్లు కడుక్కుని వచ్చాను. రెండే.

అంతలో మా అత్తమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో వంటావార్పు నుంచి నడుచుకుంటూ వచ్చింది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి అందరికీ వడ్డించే నిరసన అది. నాకోసం పులిహోర పట్టుకొచ్చింది.

"జర తినవే. పొద్దుగాల్నుంచి గా డబ్బ ముంగట్నే ఉన్నవ్."

"అత్తమ్మా, గిండ్ల నీకేం కనవడుతుంది?"

"రెండు గుట్టలు. ఒకటి పెద్దది, ఒకటి బుడ్డది. గిందుకేనా గన్ని సదువులు?"

తిని వచ్చేసరికి గుట్ట ఒక్కటే. అదే ఫైలు. ఎన్నిసార్లు తెరిచినా ఒక్కటే. అసలు అంత దగ్గరి బరువులను విడదీసే శక్తి మా పరికరానికి లేనే లేదు.

అయినా పంపడానికి చేయి రాలేదు. అదే కేంద్రకం కాస్త ఎక్కువ శక్తితో, కాస్త బరువుగా కూడా ఉండొచ్చు. రెండూ గ్రాఫ్‌లో ఒకే గుట్టగా కలిసిపోయి ఉంటే మా జవాబు తప్పు. మా గైడుకు ఫోన్ చేసి పేపర్ ఆపుదామన్నాను. మండిపడ్డారు. కారణమేంటని అడిగితే "అనుమానం" అన్నాను. అంత పేలవంగా నేనెప్పుడూ వాదించలేదు. కానీ తగ్గలేదు.

తర్వాత ఆ ప్రయోగశాలవాళ్లే మెరుగైన పరికరంతో మళ్లీ కొలిచారు. గుట్టలు రెండున్నాయి. పక్కనున్నది బుడ్డదే.

తప్పు బరువు మీద నా పేరు పడకుండా ఆపిందేమిటో తెలియదు. దేవుడంటారా, ఒప్పుకోను. ఏదైనా సరే, దానికి రుణపడి ఉన్నాను.

కొత్త పేపర్ రాస్తుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నేను గూడ సూస్తినిగా. నా పేరేదే?"

కృతజ్ఞతల్లో ఆమె పేరు రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.