అక్క పెళ్ళికి రెండు బస్సుల లెక్క

ఒక్క పూటలో సొంత అక్క పెళ్ళిని చట్టవిరుద్ధం చేయబోయిన ఘనులు లోకంలో ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేనైతే ఒకణ్ణి. దానికి నాకు కత్తీ కర్రా అక్కరలేకపోయాయి. ఒక చిన్న గుణకారం సరిపోయింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు తినడం మొదలుపెట్టాయి. బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ము, అందులో రగిలే బొగ్గు, పక్కన చేత్తో తిప్పే ఫ్యాను. ఆ ఫ్యాను తిప్పి తిప్పి చెమటలు కక్కితే డ్రమ్ములో గ్యాసు పుట్టేది, బస్సు దగ్గుతూ లేచేది. అదృష్టం ఉంటే కదిలేది కూడా.

అప్పుడు నేను మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నాను. ఆ ఏడే మా లెక్చరరు ప్రాబబిలిటీ మొదలుపెట్టారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత అన్న దగ్గర బయలుదేరి, తాగినవాడు దీపస్తంభం దగ్గర నుంచి తూలుతూ ఎటు పోతాడో లెక్కగట్టే దాకా తీసుకెళ్ళారు. సెలవులకు మదనపల్లెలో దిగేసరికి నా కళ్ళు నెత్తికెక్కాయి. అమ్మ పెనం మీద దోసె తిరగేస్తుంటే, "అమ్మా, అది చిరిగే అవకాశం ఎంతో చెప్పేదా?" అన్నాను. అట్లకాడ నా వీపు మీద పడే అవకాశం ఎంతో ఆమె వెంటనే చూపించింది. అక్కడితో బుద్ధి వచ్చి ఉంటే ఈ కథే లేదు.

మా నాయన మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. మా రత్నక్క అక్కడే నర్సు. ఆమెకు కుప్పం అబ్బాయితో పెళ్ళి కుదిరింది. పేరు దేవదానం, మిలిటరీ స్టోర్సులో గుమాస్తా. మధ్యాహ్నం మూడింటికి కుప్పం చర్చిలో పెళ్ళి, మర్నాడు పొద్దున్నే అతను రైలెక్కి ఉత్తరాదిలో డ్యూటీకి పోవాలి. మళ్ళీ సెలవు ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి.

"ముందురోజే కుప్పం పోయి పండుకుందాం" అన్నాడు నాయన. అక్క ముఖం వేలాడేసింది. తోటి నర్సులు ఆ సాయంత్రమే ఆమెకు విందు పెట్టుకున్నారు. అప్పుడు, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు, నేను నోరు తెరిచాను.

"నాయనా, పెండ్లినాడే పోదాం. పుంగనూరు నుంచి కుప్పానికి రెండు బస్సులుండాయి. ఒక్కోటి అయిదు దినాలకొకసారి చెడిపోతాదంట, టీ అంగడాయన చెప్పినాడు. రెండూ ఒకే దినం చెడిపోవాలంటే అయిదును అయిదుతో హెచ్చెయ్యాల. అంటే ఇరవై అయిదింట ఒక్కటే!"

"ఆ ఒక్కటీ మన దినమే అయితే?"

"లెక్క ప్రకారం కాదు నాయనా."

"లెక్కకేం పెండ్లా రా? పెండ్లి మనకుండాది!"

అమ్మ అడ్డం వచ్చింది. "మద్రాసులో సదువుకుంటాండాడు, వానికి తెలీదా? యాల ఊరికే బిడ్డను నిలదీస్తావు?" విందు మీద మనసున్న అక్క కూడా, "తమ్ముడి లెక్క సరిగానే ఉండాది నాయనా" అని వంత పాడింది. ముగ్గురి మధ్య ఆయన ఒంటరివాడయ్యాడు.

పెళ్ళినాడు తెల్లారకముందే బయలుదేరి, పుంగనూరులో బస్సు మారి, తెల్ల పట్టుచీరలో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. డ్రైవరు మునెప్ప. బస్సు బాగానే దగ్గింది, బాగానే కదిలింది. నేను నాయన వైపు చూసి మీసం లేని చోట మీసం మెలేశాను.

పలమనేరు దాటాక మిట్ట వచ్చింది. మా లెక్చరరు చెప్పిన తాగుబోతు నడక నాకు కళ్ళారా కనిపించింది. బస్సు రెండడుగులు ముందుకు, అడుగు వెనక్కు, కాస్త పక్కకు, చివరికి చింతచెట్టు కింద ఒరిగి నిలబడిపోయింది.

"ఏమప్పా మునెప్పా, యాల నిలబెట్టినావు?" అన్నాడు నాయన.

"నేను నిలబెట్లేదు సార్, అదే నిలబడింది. నిప్పు సల్లారింది. ఫ్యాను తిప్పుదామంటే అది బిగుసుకుపోయింది."

నేను సీటెక్కి నిలబడి బస్సు మొత్తానికీ అభయమిచ్చాను. "ఎవరూ భయపడొద్దండి! వెనక రెండో బస్సు వస్తాండాది!"

నేను ఇంజనీరునని అమ్మ అప్పటికే బస్సంతా చాటింది కాబట్టి అందరూ నమ్మారు. ఇంజనీరు అన్న మాటకు ఆ రోజుల్లో అంత విలువ. అమ్మ తెచ్చిన పులిహోర బస్సంతా పంచింది. పులిహోర అయిపోయింది. నీళ్ళు అయిపోయాయి. చింతచెట్టు నీడ కూడా రోడ్డుకు అటువైపు వెళ్ళిపోయింది. రెండో బస్సు మాత్రం రాలేదు.

"రేయ్, నీ రెండో బస్సు యాడరా?" అంది అక్క.

నేను మునెప్ప దగ్గరికి నడిచాను. అతను తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు.

"రెండో బస్సు ఎప్పుడొస్తాదప్పా?"

"యాడొస్తాది సామీ? దాని టైర్లు పీకి దీనికేసినాం. ఫ్యాను గూడా దాందే. ఒక దినం అది పోతాది, ఒక దినం ఇది."

"బస్టాండు బోర్డు మీద రెండు బస్సులని రాసుండాదే!"

"రాసిందాన్ని ఎవరూ తుడపలే. మీరు సగం ఆ బస్సులోనే కూసోనుండారు."

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఇక్కడ రోలూ మద్దెలా ఒకటే చెక్క. ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటినే హెచ్చవేయాలని లెక్చరరు బల్ల గుద్ది చెప్పిన రోజున నేను కిటికీలోంచి సముద్రం చూస్తున్నాను.

వెనక్కు తిరిగితే నాయన నిలబడి ఉన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "పెండ్లి సాయంత్రం ఏడు గంటల లోపల జరగాల. దాటితే చట్టం ఒప్పుకోదని చర్చి అయ్యగారు ముందే చెప్పినాడు" అన్నాడంతే. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడైనా ఊరుకోవాలి కదా! నేను చొక్కా చేతులు మడిచాను.

"నేను రిపేరు జేస్తా."

"సామీ, ఆ మూత ముట్టొద్దు!" అని మునెప్ప లేచి అరిచేలోగా డ్రమ్ము మూత నా చేతిలో ఉంది. నిప్పు పూర్తిగా చల్లారలేదని తర్వాత తెలిసింది. 'భుస్' మన్నది. నల్లటి మేఘం ఒకటి లేచి, గాలివాటున నేరుగా అక్క కూర్చున్న కిటికీ దగ్గరికి వెళ్ళింది. అది కరిగాక చూస్తే ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ కిటికీలో తెల్ల పట్టుచీర లేదు. రెండు కళ్ళు మాత్రం ఉన్నాయి. అవి నన్నే చూస్తున్నాయి.

మునెప్ప నా మీద వచ్చిన కోపం ఎక్కడ చూపాలో తెలియక సుత్తి తీసి ఫ్యాను మీద నాలుగు బాదాడు. ఫ్యాను ఊడొచ్చింది, మళ్ళీ బిగిస్తే తిరిగింది. మగవాళ్ళందరం తిప్పి అలసిపోయాం. అప్పుడు అక్క దిగింది. "ఇంక ఈ సీరకు అయ్యేదేముండాది?" అని కొంగు దోపుకుని, రోగులను మంచాల మీద నుంచి లేపే చేతులతో గిరగిరా తిప్పింది. బస్సు భయపడి లేచింది.

కుప్పం చేరేసరికి పొద్దు వాలిపోయింది. చర్చి మెట్ల మీద దేవదానం తల్లి అక్కను చూసి, "బొగ్గు ఈడొద్దమ్మా, వంటింటి తట్టు దించు" అంది. అయ్యగారి భార్య అక్కను లోపలికి లాక్కెళ్ళి, ముఖం కడిగి తన చీర కట్టింది. చెవుల వెనక మసి అలాగే ఉండిపోయింది. అయ్యగారు గడియారం చూస్తూ పాటలు మానేసి, ప్రసంగం మింగేసి, తిన్నగా ప్రమాణాలకు వచ్చేశారు.

"రత్నమ్మా, మేలులోనైనా కీడులోనైనా, కలిమిలోనైనా లేమిలోనైనా, ఇతనితో కలిసి నడుస్తావా?"

"నడుస్తానయ్యగారూ" అంది అక్క గట్టిగా. "ఎంత దూరమైనా నడిసే పోతాను. మా తమ్ముడు సెప్పిన బస్సు మాత్రం ఎక్కను."

చర్చి మొత్తం ఘొల్లుమంది. దేవదానం నవ్వు ఆపుకోలేక ఉంగరం కింద పడేశాడు. అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వి, ఏడు కొట్టేలోగా వాళ్ళను భార్యాభర్తలని ప్రకటించారు.

కాబట్టి పాఠక మహాశయులారా, కుడిచేయి గుండె మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ రెండు అవకాశాలనైనా హెచ్చవేసే ముందు, వంగి, రెండింటికీ టైర్లు వేరువేరుగా ఉన్నాయో లేదో చూసుకుంటాను. మండే డ్రమ్ము మూత జన్మలో ముట్టను. ఈ ప్రమాణం నేను తప్పే అవకాశం ఎంతని మాత్రం అడగకండి. ఆ లెక్క వేయనని అక్కకు వేరే ఒట్టు పెట్టాను.