పేజీకి పట్టని చరణం

పైసా ఖర్చు లేకుండా ఉత్తగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫైళ్ళు ఖరాబవుతాయని మందమర్రిలో ఒక మాట ఉంది. స్కూల్లో అంటారు, యూనియన్ ఆఫీసులో అంటారు, జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాట నా నోట పుట్టింది. అది అబద్ధం. ఎందుకు పుట్టించానో, దానివల్ల ఎవరి పాట ఆగిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నాది కార్మికుల కాలనీకి పోయే దారిలో డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, యూనియన్ ఎన్నికల కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు. మా పనిలో ఎవరూ రాసిపెట్టని ఒక కట్టుబాటు ఉంది. ప్రింటు ఇస్తాం, ఫైలు ఇవ్వం. ఫైలు చేతికిస్తే గిరాకీ వచ్చే ఏడు ఇంకో షాపు మెట్లెక్కుతాడు. ఎవరైనా మరీ పట్టుబడితే కర్వ్స్ చేసి ఇస్తాం. కర్వ్స్ అంటే అక్షరాలను గీతలుగా మార్చేయడం. కంటికి అది అక్షరంలాగే కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అదొక బొమ్మ. ప్రింటు తీసుకోవచ్చు గాని ఒక్క మాట దిద్దలేరు, ఒక్క మాట చేర్చలేరు.

నా తెలుగు ఫాంటు ఒక పాత సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేసేది. ఆ సాఫ్ట్‌వేర్ ఒక పాత కంప్యూటర్‌లోనే నడిచేది. అప్‌డేట్ చేస్తే ఫాంటు పోతుంది. నెట్ కలిపితే దొంగ కాపీ అని పట్టేస్తుంది. అవును, దొంగ కాపీయే. అంత ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు నేను ఏనాడూ ఖరీదు పెట్టలేదు. ఎండకాలం ఆ డబ్బా వేడెక్కి ఆగిపోతే టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి నేను చెమటలో కూర్చునేవాణ్ణి. అందులో కొట్టిన తెలుగును ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలిసి కుప్పపోసినట్టు కనిపించేది. గిరాకీలు పరేషాన్ అయ్యేవాళ్ళు. నాకు అదే ధైర్యం. నా దగ్గరికి తప్ప ఎక్కడికీ పోలేరు కదా.

అలాంటి రోజుల్లో అతను వచ్చాడు. ఆసిఫాబాద్ దిక్కు మనిషి. కరీంనగర్‌లో ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే బెంచీ మీద డీటీపీ నేర్చుకున్నాం. టైపింగులో నాకంటే బాగా వెనక. కీబోర్డు వైపు చూడకుండా ఒక్క వాక్యం కొట్టలేకపోయేవాడు. తర్వాత దుబాయిలో టైపింగ్ సెంటర్‌లో చేరాడు. తిరిగొచ్చి సరిగ్గా నా షాపుకు ఎదురుగా షట్టర్ ఎత్తాడు. అతని కంప్యూటర్లలో అన్నీ ఓపెన్ సోర్స్. రాసినవాళ్ళే లోకానికి వదిలేసినవి. తెలుగు కూడా ఫోన్లలో వాడే మామూలు తెలుగు. పని అయ్యాక ఫైలును గిరాకీ పెన్‌డ్రైవ్‌లో వేసి, "ఇగో, ఇది నీది. ఏడనన్న తెర్సుకో" అనేవాడు.

మొదటి వారమే చాయ్ తాగడానికి నా షాపుకు వచ్చి, నా కంప్యూటర్ వీపు మీద చెయ్యేసి నిమిరాడు.

"ఏం బావా, ఇంకా గీ ముసలిదానికే సేవ చేస్తున్నవా? పింఛన్ రాసిచ్చి పంపరాదు?"

"నీ ఉత్త సామాన్లు నువ్వే ఉంచుకో. నా డబ్బా నాకు మంచిగున్నది."

"ఉత్తగొచ్చుడు గాదురా ముచ్చట. ఇందుల కొట్టింది రేపు ఏ కంప్యూటర్ల తీసినా వస్తది. నేను సచ్చినా వస్తది."

"పొద్దుగాల్నే సావు ముచ్చటెందుకు? చాయ్ తాగు."

నవ్వాను గాని ఆ చాయ్ నాకు చేదుగానే దిగింది. అతని షాపు ముందు బెంచీ ఉండేది. పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ దాని మీద కూర్చుని నవ్వుతూ ఉండేవాళ్ళు. నా దగ్గర నవ్వినవాళ్ళు లేరు. స్కూలు వాళ్ళు ఒకసారి, "మాకు కూడా ఫైలు ఇయ్యరాదే, ఆయన ఇస్తుండు కదా" అన్నారు. ఆ రాత్రి అన్నం ముందు కూడా ఆ మాటే నమిలాను. నా భార్య చూసి, "మీ కండ్లు ఆయన బెంచీ మీదనే ఉన్నయి. జర మన షాపు దిక్కు కూడ చూడుండ్రి, బూజు పట్టింది" అంది. నేను ఆమె మీద అరిచాను. నాకంటే మెల్లగా టైపు చేసేవాడిని చూసి ఎందుకు కుళ్ళుతున్నానో ఆమెకు ఎలా చెప్పను?

కాలనీలోని చర్చిలో పాటలు పాడించే పెద్దాయన ఉన్నాడు. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైన మనిషి. కంజీర కొడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందరూ కాకా అంటారు, నేనూ అంతే. ఆ సంఘం వాళ్ళు తమలో తాము కట్టుకున్న పాటలన్నీ కలిపి చాలా ఏండ్ల కింద ఒక చిన్న పుస్తకం వేసుకున్నారు. కొట్టింది నేనే. ఒకరోజు కాక ఆ పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"బిడ్డా, గీ అక్షరాలు మా ముసలోళ్ళకు ఆనుతలేవు. కోత పండుగకు పెద్దక్షరాలతోని మళ్ళ ఏపిద్దామనుకుంటున్నం. మస్కట్ల, దుబాయిల ఉన్న పోరగాండ్లకు ఫోన్ల కూడ పంపాలె. ఎదురుంగ ఆయన చేసిస్తనన్నడు. పాత ఫైలు నీ దగ్గరున్నదట కదా, జర ఇయ్యి."

నా పుస్తకం ఎదుటి షాపుకు పోతోంది. కాక పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఇంకోటి. గిది నేను గట్టిన పాట. మూడో చరణం పడలే."

"పడలేదా?"

"ఆనాటి అయ్యగారు కొట్టేసిండేమో. బాయి ముచ్చట రాసిన గద, గుడిల బొగ్గు మాటలెందుకనుకున్నడేమో. నేను గూడ అడగలే. అడిగితే ఏమంటడో అని. ఆయన పోయిండు, ఇప్పుడు ఎవర్ని అడుగుత? ఇగ ఈసారన్న పెట్టిద్దామని."

ఆ చరణాన్ని అక్కడే మెల్లగా పాడాడు:

బాయిల నా బత్తి ఆరినా
బయట నా పేరు పిలిచెటోడా

అయ్యగారు, అంటే అప్పటి పాస్టరు, దాన్ని కొట్టేయలేదు. నేను తీసేశాను. ఆ పాట ఒక పేజీలో సరిపోలేదు. చరణం ఉంచితే అవతలి పేజీలోకి పోతుంది, ఆ తర్వాతి పేజీలన్నీ మళ్ళీ సర్దాలి. పాట పేజీ మధ్యలో విరగకూడదని ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పారు కూడా. ఎవరు చూస్తారులే అనుకుని చెరిపేశాను. ఆ సంగతి అప్పుడే కాకకు చెప్పొచ్చు. ఫైలు ఎదుటి షాపుకు పోతోందన్న మంట మీద ఉన్నాను. చెప్పలేదు.

"ఫికర్ చెయ్యకు కాకా, పొద్దుగాల ఇస్త" అన్నాను.

ఆయన పోగానే ఫైలు తెరిచాను. ఉన్నదున్నట్టు ఇస్తే, పాత ఫాంటును మామూలు తెలుగులోకి మార్చే ఉపాయాలు అతని దగ్గర ఉన్నాయని నాకు తెలుసు. టీ తాగినంతసేపట్లో పుస్తకం అతనిదవుతుంది. అన్నీ సెలెక్ట్ చేసి కర్వ్స్ చేశాను. అప్పుడే ఎదుటి బెంచీ మీద పెద్దగా నవ్వులు. అటు చూస్తూనే సేవ్ నొక్కాను. వేరే పేరుతో సేవ్ చేయాలి. ఏండ్ల తరబడి చేసిన పని, చేతికి అలవాటైన పని. ఆ రోజు మాత్రం అసలు ఫైలు మీదనే నొక్కాను. ప్రోగ్రాం మూసేసి సీడీలో వేసినా నాకు అది తెలియనే లేదు. పాత కాపీ ఉన్న హార్డ్‌డిస్కు అంతకు ముందే చచ్చిపోయింది.

తెల్లారి సీడీ తీసుకుపోయిన కాక సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"ఆయన తెర్సి చూసిండు బిడ్డా. అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే అంటుండు. చరణం చేర్చరాదట, పెద్దగ చేస్తే లైను కాయితం దాటిపోతదట. ఇంకోసారి ఇయ్యరాదు?"

నా దగ్గరున్న ఫైలు తెరిచాను. ఒక అక్షరం మీద క్లిక్ చేశాను. గీతల చుట్టూ చిన్న చిన్న చుక్కలు లేచాయి. ఇంకో పేజీ. అక్కడా చుక్కలే. పుస్తకం మొత్తం నా చేతిలోనే రాయి అయిపోయింది. మానిటర్ కాక వైపు తిరక్కుండా కొంచెం జరిపాను.

"నేను మంచిదే ఇచ్చిన కాకా. ఆయన గా ఉత్త సాఫ్ట్‌వేర్ల తెర్సిండు గదా, అందుకే ఖరాబయింది. పైసలు పెట్టని దానికి భరోసా ఏముంటది?"

"మరి నీ దగ్గరున్నది?"

"నీకిచ్చినంక తీసేసిన. నాకెందుకని."

కాక నన్ను అనుమానించలేదు. సీడీని కండువా కొసలో చుట్టుకుని, "అయ్యో, మంచిగ చేస్తడనుకుంటిమి" అంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట కాలనీ అంతా తిరిగింది. తిరగని చోట నేను తిప్పాను. స్కూలు వాళ్ళు నా దగ్గరికి తిరిగొచ్చారు. యూనియన్ వాళ్ళు కూడా. ఎదుటి బెంచీ ఖాళీ అయింది. దాని మీద ఒక కుక్క పడుకునేది. నేను గెలిచాననుకున్నాను. కానీ ఖాళీ బెంచీ వైపు చూడటం కూడా మానలేకపోయాను. అతను దుకాణంలో ఒక్కడే కూర్చుని పాటలు పెట్టుకుని ఊగుతుంటే, గిరాకీ లేకున్నా ఎట్లా ఊగుతున్నాడని దానికీ కుళ్ళుకున్నాను.

ఆ ఏటి కోత పండుగకు పుస్తకం రాలేదు. తర్వాత ఒక ఆదివారం చర్చి ముందు నుంచి పోతూ చూశాను. ఆరాధన అయిపోయింది గాని జనం లేవలేదు. చాపల మీద గుంపులుగా కూర్చుని, పాత పుస్తకం మధ్యలో పెట్టుకుని ఫోన్లలో టైపు చేస్తున్నారు. ఇంటికొక పాట పంచుకున్నారట. వంటచేతులతో ఆడవాళ్ళు, షిఫ్టు దిగొచ్చిన మగవాళ్ళు. అతను మధ్యలో తిరుగుతూ వత్తులు ఎట్లా కొట్టాలో చూపిస్తున్నాడు. నాకంటే వెనకబడ్డవాడు టైపింగ్ నేర్పుతున్నాడు! ఒకామె, "మీ వేలు తియ్యిండ్రి సారూ, నాకు వస్తది" అని కసిరితే గుంపంతా నవ్వింది. గేటు దగ్గర నిలబడి అందరికంటే వేగంగా టైపు చేయగల నా వేళ్ళను జేబులో పెట్టుకున్నాను. నన్నెవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు?

మరుసటి ఏడు పండుగకు కాక స్వయంగా వచ్చి పిలిచాడు. "పాత పుస్తకం కొట్టినోడివి, నువ్వు లేకుంటె ఎట్ల?" అన్నాడు. ఆ మంచి మాటను మోయడం నా వల్ల కాలేదు. ఆయన మలుపు తిరగగానే రోడ్డు దాటి ఎదుటి షాపులోకి పోయాను. కర్వ్స్ చేసింది నేనేనని, అసలుది కూడా పాడు చేసుకున్నది నేనేనని చెప్పాను.

అతను కీబోర్డు నుంచి చెయ్యి తీయలేదు.

"గీ మాట చెప్పనీకె ఇంత దూరం వచ్చినవా? రోడ్డు దాటి?"

"నీకు ఎర్కేనా?"

"ఒక్క బెంచీ మీద నేర్సుకున్నం. కర్వ్స్ ఎవడు చేస్తడో నాకు ఎర్కుండదా?"

"మరి ఎవ్వరికీ చెప్పలేదేంది?"

"చెప్తే నమ్ముతరా? షాపోడి మీద షాపోడు పడి ఏడుస్తుండంటరు. నా బెంచి మీద కుక్క పండుకుంటె చూసి మురిసినవ్ గదా? నాకు చెప్పకు. ఏడ పెట్టినవో ఆడికి పోయి వాపస్ తీసుకో, నీ అబద్ధం."

కూర్చోమనలేదు. ఈసారి బావా అని కూడా అనలేదు.

కోత పండుగ నాడు ఎవరి కష్టం వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. పొలాలున్న చుట్టాలు పంపిన వడ్లు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, బుట్టలో కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన తర్వాత అన్నిటికీ వేలం. కాకే పాడించాడు. "గీ సొరకాయ చూడుండ్రి, మా తమ్ముని మెడోలె ఎంత పొడుగున్నదో!" అంటుంటే జనం ఎగబడి పాడుతున్నారు. చివర కొత్త పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. ఫైలు అప్పటికే అందరి ఫోన్లకు చేరింది. అయినా మొదటి పుస్తకానికి వేలం ఉండాలి కదా అన్నాడు.

వేలం మొదలుకాకముందే వెనక నుంచి లేచాను. "కాకా, జర ఒక మాట" అన్నాను. నేనూ పాడుతున్నాననుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. సంగతంతా చెప్పాను. అందంగా చెప్పలేదు, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. ఉత్త సాఫ్ట్‌వేర్‌ది తప్పు లేదన్నాను. ఎదుటి షాపు మీద కడుపుమంటతో చేశానన్నాను. ఒక కోడి బుట్టలో కొట్టుకుంది. ముందు వరుసలో ఒకావిడ, "ఏడాది ఆగింది గద పుస్తకం, నీ కడుపుమంట పాడుగాను" అని గట్టిగానే అంది. ఎదుటి షాపు మనిషి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకోటి కూడ ఉన్నది కాకా. నీ మూడో చరణం. అయ్యగారు కొట్టెయ్యలే. నేను తీసిన."

కాక పుస్తకం దించాడు. "నువ్వా? ఎందుకు?"

"పేజీకి పట్టలే."

"పేజీకి పట్టలేదా? అంటే... మంచిగ లేదని కాదా?"

"మంచిగ లేదని ఎవ్వరు అనలే కాకా. జాగ సరిపోలే, గంతే."

ఆయన బలిపీఠం మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇన్నేండ్లు ఆ అయ్యగారి మీద మనసుల పెట్టుకున్న. ఆయన పోయిననాడు మట్టెయ్యనీకె కూడ నిండుమనసుతోని పోలే" అన్నాడు. నా వైపు చూసి అన్న మాట కాదది. నన్ను తిట్టినా బాగుండేది. కొంతసేపటికి కంజీర అడిగి తీసుకుని, వేలం సంగతి మరిచి, తన పాట ఎత్తుకున్నాడు.

కొందరి చేతుల్లో పెద్దక్షరాల పుస్తకాలు, మిగతావాళ్ళ చేతుల్లో ఫోన్లు. పక్కన కూర్చున్న ముసలాయన తన పుస్తకాన్ని నాక్కూడా కనిపించేట్టు కొద్దిగా జరిపాడు. ఎదుటి షాపు మనిషి అందరికంటే గట్టిగా, తాళం తప్పి పాడుతున్నాడు. అయినా చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని చూసి మురిసిపోతున్నారు. ఆ క్షణంలో కూడా నా కడుపు మండింది. లేదని రాస్తే ఈ రాతంతా మళ్ళీ అబద్ధమవుతుంది.

అక్షరాలు పెద్దవి చేయడంతో పాట ఒక పేజీలో పట్టలేదు. "బాయిల నా బత్తి ఆరినా" దగ్గర కాగితం అయిపోయింది. అందరూ ఒక్కసారే పేజీ తిప్పారు, ఫోన్ల వాళ్ళు వేలితో పైకి జరిపారు. ఇంత చిన్న పని. పాట ఎక్కడా ఆగలేదు.