నా చేతి మూరతో ఫిలడెల్ఫియా దాకా

శనివారం ఉదయం పదీ పదికి ఎడిసన్‌లో రైలెక్కాను. ఒళ్లో విడి మల్లెమొగ్గల కవరు, తడిపిన దారం. మధ్యాహ్నం మూడింటికి ఫిలడెల్ఫియాలో నా స్నేహితురాలు శ్రావ్య నాట్యం. జడకి పూలు నేనే కట్టి తెస్తానని మాటిచ్చాను. రెండు నెలల కిందట నేను మొదటిసారి కట్టిన దండ, రిహార్సల్లో ఆమె ఒక్క చుట్టు తిరిగేసరికే నేలంతా రాలింది. అయినా మళ్లీ నన్నే అడిగింది. ఈసారి రాలితే చూసేది హాలంతా.

ఇంట్లో అయితే దారం కాలి బొటనవేలికి చుట్టుకుంటాను. రైల్లో సిగ్గేసి బ్యాగు పట్టీకి ముడేశాను. న్యూ బ్రన్స్‌విక్ దాటాక వేళ్లు కుదురుకున్నాయి. ప్రిన్స్‌టన్ జంక్షన్ దగ్గర మోచేతి నుంచి వేలి కొస దాకా పెట్టి కొలుచుకున్నాను. రెండు మూరలు!

ఎదుటి సీట్లో ఒక ఆంటీ అప్పటిదాకా ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నారు. ఎక్కడో దూరాన కాపెల్ అనే ఊరి నుంచి వచ్చారట, ట్రెంటన్‌లో కూతురుంది.

“తెలుగమ్మాయివేనా? ఏదీ, ఇలా ఇవ్వు.” తన పొడవాటి చేతికి పెట్టి చూశారు. “రెండు మూరలు కూడా లేదు కదమ్మా!”

నా మొహం చూసి నవ్వేశారు. “అయ్యో, నీ చెయ్యి చిన్నదే! ఇంతకుముందెప్పుడైనా కట్టావా? ఎంత కట్టావ్?”

“మూర, ఆంటీ. నా చేత్తో.”

“ఇంకేం, డబుల్ అయింది. నీ లెక్కలోకి నా చెయ్యెందుకు? సర్లే, ఆ మొగ్గలు కూడా ఇటివ్వు, ట్రెంటన్ వచ్చేలోపు ఫినిష్ చేసి పడేస్తా.”

పెద్దవాళ్లకి అడ్డు చెప్పడం నాకు రాదు. “వద్దాంటీ, నేనే కట్టాలి” అన్నాను. మెల్లగా దండ వెనక్కి తీసుకున్నాను.

“అబ్బో! సరే, ముడి మాత్రం బిగించు.”

ట్రెంటన్‌లో రైలు మారాలి. కాఫీ, బేగెల్ రొట్టె అక్కడే కానిచ్చేయడం మంచిది, రెండో రైల్లో ఏమీ దొరకవు. ఆ రైల్లో మొగ్గలన్నీ అయిపోయాయి. మూడు మూరలు, బిగువుగా.

దండ శ్రావ్య జడకి పెట్టి, హాల్లో చివరి వరసలో కూర్చుని నాట్యం మానేసి జడే చూశాను. శ్రావ్య గిరగిరా తిరిగింది. ఒక్క మొగ్గ కదల్లేదు. తర్వాత గ్రీన్‌రూమ్‌లో దండ తీయలేక తంటాలు పడింది.

“ఏం కట్టావే తల్లీ! ఊడి చావట్లేదు. సిజర్స్ ఉన్నాయా?”

సాయంత్రం రైల్లో తిరిగొస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ దండకి కత్తెర కావలసి వచ్చింది. ఈ బిగువు కొలత ఏ ఆంటీ చేతికైనా ఒకటే.