వెంట్రుక రాలని కుక్క

బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఒక అన్న ఉండేవాడు. తన పూడుల్ కుక్కను నిమిరిన ప్రతిసారీ అరచేతిని వెలుగులోకి చాపి చూపించేవాడు. "చూడు తమ్మీ, ఒక్క వెంట్రుకన్న రాలిందా?" ఆయన కూతురికి ఉబ్బసం. ఆ పిల్ల పక్కన పడుకోగల కుక్క కోసం ఏడాది వెతికి దాన్ని తెచ్చాడు. రాత్రి పిల్ల దగ్గితే అదే వెళ్లి తల్లిని లేపుకొచ్చేది.

కుక్క రోజంతా మొరుగుతోందని మా వరుసలో గొణుగుడు మొదలైంది. అన్న నా దగ్గరికి వచ్చాడు.

"నీకు లెక్కల పిచ్చి గద. ఒక వారం లెక్కపెట్టి రాసియ్యి. నీ లెక్కంటే అందరు నమ్ముతరు."

లెక్కపెట్టాను. ఏడు రోజుల్లో నాలుగుసార్లు మొరిగింది. నాలుగూ ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడే. అప్పుడు మా కిటికీలు కూడా అదిరాయి. అదంతా కాగితం మీద రాసిచ్చాను.

మర్నాడు నా షిఫ్టువాళ్లే కాలనీ ఆఫీసుకు రాసిన ఫిర్యాదు పట్టుకొచ్చారు. "పదిమంది పెట్టిన్రు. నువ్వొక్కనివే మంచోనివా?"

పదకొండో సంతకం నాది.

వారం తిరగకముందే కుక్కను కమాన్‌పూర్‌లో ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం అన్న నా లెక్క కాగితమూ, ఫిర్యాదు నకలూ తెచ్చి నా ముందు పెట్టాడు. తిట్టలేదు.

"నాలుగుసార్లే అని రాసింది నువ్వే. రోజంతా మొరుగుతదని సంతకం పెట్టింది నువ్వే. కుక్క ఏం తప్పు చేసిందని బిడ్డ అడుగుతున్నది. ఏ కాగితం చూపియ్యాలె, తమ్మీ?"

మొదటిది చూపిస్తే తప్పు కుక్కది కాదు, నాదని పిల్లకు తెలుస్తుంది. రెండోది చూపించమన్నాను.