చాటెడు తవుడుకు కొన్న బిడ్డ పేరు

పిల్లలూ, మొన్న ఆదివారం సూరత్ నుంచి ఫోన్ చేసినప్పుడు మీరిద్దరూ మీ మేనత్త పాత పేరు పలికి నవ్వారు. "బాపమ్మా, నిజంగనే గా పేరు పెట్టిన్రా?" అని అడిగారు. గట్టిగా మాట్లాడటం నాకు రాదని మీకు తెలుసు. కానీ ఫోన్ పెట్టేశాక నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది. మీ మీద కొంచెమే. మిగతాదంతా వేరేవాళ్ల మీద. ఎవరి మీదో చెప్తాను, వినండి.

ఆ పేరు మళ్లీ నా నోటితో చెప్పను. పెంటకుప్పను గుర్తుచేసే పేరు. అంతవరకు చాలు.

మీ మేనత్తకు ముందు నాకు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరికీ దేవుళ్ల పేర్లే అనుకున్నాం. ఈ పిల్ల పుట్టగానే మా అత్త ఇంక ఎవరినీ అడగలేదు. తొర్రూరు దగ్గర మా ఊళ్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ నిలవాలంటే ఆ బిడ్డ ఎవరికీ అక్కర్లేనిదిగా కనబడాలి. చాటలో పడుకోబెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టారు. మా పశువుల కొట్టం ఊడ్చే ఆమె వచ్చి ఎత్తుకుంది. "నాకు పోరి దొరికింది. కావాల్నంటే కొనుక్కో" అంది నాతో. పచ్చి బాలింతను, గోడ పట్టుకుని నిలబడి, ఆమె కొంగులో చాటెడు తవుడు పోసి నా బిడ్డను నేను కొనుక్కున్నాను. ఎత్తుకున్న ఆమే పేరు పెట్టాలి. పెట్టింది. బిడ్డ బతికింది. ప్రతి దసరాకు ఆమెకు చీర పెట్టేవాళ్లం. మీ మేనత్త ఆమెను అవ్వా అని పిలిచేది.

మాకు ఆ పేరులో మురికి ఎప్పుడూ కనిపించలేదు. బిడ్డ ఊపిరే కనిపించేది. బడికి పోయాక దానికి మురికి అంటింది. హాజరు పిలిచేటప్పుడు పిల్లలకంటే ముందు సారే నవ్వేవాడట.

అయినా చదువుకుంది. నర్సు అయింది. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. అక్కడి పెద్ద డాక్టరు వార్డులోకి వచ్చినప్పుడల్లా ఆ పేరును సాగదీసి పిలిచేవాడు, మంచాల మీద పడుకున్నవాళ్లు కూడా నవ్వేలాగ. ఒకరోజు ఎవరో రోగి వార్డులో వాసన వస్తోందన్నాడట. "మా సిస్టర్ పేరే అట్లాంటిది, ఏం చేస్తాం" అన్నాడట ఆ డాక్టరు. అప్పుడు మీ మేనత్త చేతిలో సూది ఉంది. ఆ సూది వేసి, పేషెంటు చేతిని దూదితో రుద్ది, సెలవు రాసిచ్చి ఇంటికి వచ్చేసింది.

"అమ్మా, పేరన్న మార్చుకుంట. లేకుంటే నౌకరన్న బంద్ జేస్త" అంది చెప్పులు కూడా విడవకుండా.

ఆ నౌకరీ కోసం ఆమె ఎంత చదివిందో నాకు తెలుసు. కానీ భయమూ వేసింది. బతికించిన పేరును తీసేస్తే ఏమవుతుందో అని. "పెట్టినామెను అడగాలె బిడ్డా. ఆమె వద్దంటే?" అన్నాను.

"ఆమె వద్దంటే మార్చుకోను. నౌకరే ఇడిసిపెడ్త" అంది.

ఆ అవ్వ ఇప్పుడు జనగామలో కూతురి దగ్గర ఉంటుంది. అక్కడే కోర్టు ముందర నోటరీ వకీలు ఉన్నాడు. ముందు స్టాంపు కాగితం మీద అఫిడవిట్, ఇద్దరు సాక్షులు. తర్వాత రెండు పేపర్లలో ప్రకటన. ఆ తర్వాత హైదరాబాదుకు గెజిట్ దరఖాస్తు. వకీలు ఫోన్‌లోనే అన్నీ చెప్పాడు. సాక్షి సంతకానికని మా బావ కూడా మాతో బయల్దేరాడు. మీ తాతకు అన్న, మీ తాత పోయాక ఇంటికి పెద్ద. అవ్వ ఇంటికి మాత్రం రాలేదు. కోర్టు దగ్గరే దిగిపోయాడు.

అవ్వ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మీ మేనత్త ఆమె పక్కనే నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. అవ్వ చేతులు ఆగలేదు.

"నవ్విందెవడు?" అంది.

"డాక్టరవ్వా."

"వాన్ని వాళ్లమ్మ ఏడికెళ్లి ఎత్తుకొచ్చిందో అడగకపోయినవా?" అని గింజ ఊసినట్టు అంది. "నువ్వు బతుకాలె అని పెట్టిన. బతికినవ్. నలుగురికి సూదులేసి బతికిస్తున్నవ్. గా పేరు పనైపోయింది, తీసెయ్."

"కొత్తది గూడ నువ్వే పెట్టవ్వ."

"నేను పెడితే మల్ల గసొంటిదే పెడ్త. నాకు గంతే వస్తది. నువ్వే పెట్టుకో."

మీ మేనత్త ఆమెను లేపి ఆటో ఎక్కించింది. "సాక్షి సంతకం నువ్వే పెట్టాలె" అంది.

నోటరీ దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్నాయన అన్నాడు. "కారణం న్యూమరాలజీ అని కొడ్తున్నక్కా. అందరికి గదే కొడ్త."

"గదే మంచిగుంటది" అన్నాడు మా బావ.

"వద్దు, అన్నా" అంది మీ మేనత్త ఆయనతో. "పుట్టినోళ్లు బతుకుతలేరని పెంట మీద పెట్టి తీసిన్రు, అందుకే పెట్టిన పేరు, ఇప్పుడు నవ్వుతున్నరు. అదే రాయి."

"గంత పొడుగు పట్టదక్కా."

"పట్టియ్యి."

మా బావ ముఖం మాడిపోయింది. "పేపర్ల పడ్తది బిడ్డా. మనింటోళ్లు పిల్లను పెంట మీద ఏసిన్రని జిల్లంత చదువుతది."

"చదవనియ్ పెద్దబాపు."

కాగితం బయటికి వచ్చింది. సాక్షులు ఎవరని అడిగితే మీ మేనత్త మొదట అవ్వను చూపించింది. మా బావ నవ్వాడు. "మన కొట్టంల పెండ తీసిన మనిషి. ఆమె సంతకం కింద నేను సంతకం పెట్టాల్నా?" అన్నాడు, ఆమె అక్కడే నిలబడి ఉండగా.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన ముందు నేను తలెత్తి మాట్లాడింది లేదు. ఆ రోజూ గొంతు పెంచలేదు.

"బావా, మీరు బయట కూసోన్రి" అన్నాను.

"ఏందీ?"

"పిల్లను పెంట మీద పెట్టిననాడు మీరు దొడ్డి తలుపు కాడ నిలబడి చూసిన్రు. ఎత్తింది ఆమె. మీ సంతకం మాకు అక్కర్లేదు."

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. కంప్యూటరాయన గోడ వైపు చూస్తూ, "ఇంకొక సాక్షి కావాలె మరి" అన్నాడు. నేను పెట్టాను. అవ్వ పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకాన్ని ఒక్కో అక్షరం నొక్కి నొక్కి పెట్టింది. కాగితానికి చిల్లు పడుతుందేమో అనిపించింది.

ప్రకటన పడింది. జిల్లా ఏమీ మునిగిపోలేదు. మా బావ ఇంట్లో మనవరాలి పెళ్లికి నాకు పిలుపు రాలేదు. రాకపోతే రాకపోనీ.

గెజిట్ వచ్చాక మీ మేనత్త ఆధార్ మార్పించుకుంది, బ్యాంకులో మార్పించుకుంది. చదువు సర్టిఫికెట్లలో పాత పేరే ఉంటుంది. ఎక్కడికి పోయినా వాటికి గెజిట్ కాగితం జోడించాలి. తనే ఎంచుకున్న కొత్త పేరు బిళ్ల చొక్కా మీద పెట్టుకుని మళ్లీ డ్యూటీకి పోయింది. ఆ డాక్టరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "పాతదే బాగుండె కదా, నోరు తిరుగుతుండె" అన్నాడట.

"పాత పేరుతోని నన్ను పిలిచేతందుకు ఇద్దరే ఉన్నరు సార్" అందట మీ మేనత్త. "ఒకామె కన్నది, ఒకామె ఎత్తుకున్నది. మీరు రెండూ చెయ్యలె."

అప్పటి నుంచి ఆయన కొత్త పేరుతోనే పిలుస్తున్నాడట. సిగ్గుపడి పిలుస్తున్నాడో, గెజిట్‌కు భయపడి పిలుస్తున్నాడో నాకు అనవసరం. పిలుస్తున్నాడు.